మోజు పుట్టించే వస్తువు, తెగువ గల సారథ్యం: సరిహద్దు చుట్టూ నాలుగు బ్రాండ్ల చరిత్ర

పావగడ తాలూకా నాగలమడికె హోబళిలోని వల్లూరు పేరు నేడు దేశ సౌర విద్యుత్ పటంలో స్థిరపడింది. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాలతో పాటు వల్లూరు భూములు కూడా కలిసిన సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. 2018 మార్చిలో ప్రారంభమైన ఈ పార్కు 2019 చివరికి పూర్తి సామర్థ్యాన్ని అందుకొన్నది. రైతులు భూమిని అమ్ముకోలేదు. ఎకరాకు ఏటా 21,000 రూపాయల తొలి కౌలుతో, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపుతో, 28 సంవత్సరాలకు కౌలుకు ఇచ్చారు. అదే 2019వ సంవత్సరంలో సరిహద్దుకు ఆవల, పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం ఉత్పత్తిని ప్రారంభించింది.

రెండూ వాన చాలని మెట్ట ప్రాంతాలే. రెండుచోట్లా ప్రభుత్వాలే ముందుండి భూమిని, వసతులను సమకూర్చాయి. అయితే ఒకచోట పుట్టే విద్యుత్తుకు పేరు లేదు. తీగలో చేరిన తరువాత అది ఏ ఊరి కరెంటో ఎవరూ చెప్పలేరు. వేలంలో తక్కువ ధర పలికినవారికే దాని అమ్మకం దక్కుతుంది. రెండవచోట తయారయ్యే వస్తువును కొనుగోలుదారుడు పేరు పెట్టి అడుగుతాడు. ముందుగా సొమ్ము కట్టి తన వంతు కోసం వేచి ఉంటాడు. ఈ తేడాకు కారణమైనదే బ్రాండు. అది ఎలా పుడుతుంది, ఎలా నిలుస్తుంది, ఎలా నశిస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. తుమకూరు, హోసూరు, తిరుపతి, పెనుకొండ పట్టణాల పారిశ్రామిక చరిత్రలోనే అది లభిస్తుంది.

బ్రాండు అంటే ఏమిటి?

ఆంగ్లంలో ఈ మాటకు తొలి అర్థం కాల్చి వేసిన ముద్ర. పశువు ఎవరి మందకు చెందినదో తెలియడానికి కాల్చిన ఇనుముతో వేసే గుర్తునుండి ఈ పదం వర్తకంలోకి వచ్చింది. నేటి వ్యవహారంలో బ్రాండుకు మూడు అంతస్తులు ఉన్నాయి. మొదటిది గుర్తింపు: ఈ వస్తువును ఎవరు చేశారో తెలియడం. రెండవది నమ్మకం: ప్రతిసారీ పరీక్షించకుండానే కొనగలగడం. మూడవది మోజు: అవసరం తీర్చే చవక వస్తువు పక్కనే ఉన్నా, దీనినే కావాలనుకోవడం.

పావగడ ప్రాంతపు వేరుశెనగనే ఉదాహరణగా తీసుకోవచ్చును. రైతు కాయలు మండీలో కుప్పగా కలిసిపోతాయి. వాటి ధరను కొనేవాడు నిర్ణయిస్తాడు. అవే గింజలను గానుగ పట్టి, పేరున్న ప్యాకెట్టులో నింపితే, నూనె ధరను అమ్మేవాడు నిర్ణయిస్తాడు. ధర చెప్పే హక్కు ఒక చేతినుండి మరొక చేతికి మారడమే బ్రాండు చేసే అసలు పని. ఆ హక్కు ఉన్న సంస్థకే లాభం మిగులుతుంది. లాభం మిగిలిన సంస్థే కార్మికునికి జీతం పెంచగలదు, కొత్త యంత్రం కొనగలదు, కష్టకాలంలో తలుపులు మూయకుండా నిలువగలదు. కనుక ఈ విషయం కొనుగోలుదారులకే పరిమితం కాదు. బిడ్డలను ఉద్యోగాలకు పంపే ప్రతి కుటుంబానికీ సంబంధించినది.

తుమకూరు పాఠం: హెచ్.ఎం.టి.

హిందుస్తాన్ మెషిన్ టూల్స్ సంస్థను కేంద్ర ప్రభుత్వం 1953లో బెంగళూరులో స్థాపించింది. యంత్రాలను తయారుచేసే యంత్రాలు దాని తొలి ఉత్పత్తులు. జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో చేతి గడియారాల తయారీ మొదలైంది. గిరాకీ పెరిగిన కొద్దీ కర్మాగారాలు విస్తరించాయి; 1978లో తుమకూరులో గడియారాల కర్మాగారం ఏర్పడింది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్ వంటి నమూనాలు ఇంటింటి మాటలయ్యాయి. పరీక్ష ప్యాసైన కుర్రవానికి, పెళ్లికుమారునికి, పదవీ విరమణ చేసే ఉద్యోగికి ఇచ్చే కానుక అంటే హెచ్.ఎం.టి. గడియారమే. అంధుల కొరకు తడిమి సమయం తెలుసుకొనే గడియారాలను సైతం ఈ సంస్థ చేసింది.

ఈ వైభవానికి గండి కొట్టినది ఒక చిన్న స్ఫటికం. తాళం తిప్పే గడియారంలో చక్రం సాధారణంగా సెకనుకు అయిదు నుండి ఎనిమిది సార్లు కొట్టుకొంటుంది. క్వార్ట్జ్ గడియారంలోని స్ఫటికం విద్యుత్తు తగిలినపుడు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అందుచేత క్వార్ట్జ్ గడియారం తప్పు సమయం చూపడం బహు అరుదు. రోజూ తాళం తిప్పే పని ఉండదు. జపానుకు చెందిన సైకో సంస్థ 1969 డిసెంబరులో తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేయగా, తరువాతి దశాబ్దంలో స్విట్జర్లాండు గడియార పరిశ్రమ సైతం కుదేలైంది.

హెచ్.ఎం.టి.కి ఈ సాంకేతికత తెలియక కాదు. 1980 దశకం ఆరంభంలోనే ఆ సంస్థ క్వార్ట్జ్ గడియారాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. అయితే తన బలమంతా తాళం తిప్పే గడియారాల మీదనే ఉంచింది. చేసినదంతా అమ్ముడుపోతున్న రోజులలో మార్పు ఎందుకన్న ధోరణి సహజమే. ప్రభుత్వరంగ సంస్థలో పెద్ద నిర్ణయానికి అనుమతులు అనేకం. నష్టం వస్తే జవాబు చెప్పవలసినవారు ఉంటారు గాని, అవకాశం జారిపోతే అడిగేవారు ఉండరు. వస్తువుపై జనానికి నమ్మకం మిగిలింది, మోజు తగ్గింది. నష్టాలు ఏళ్ల తరబడి పేరుకొన్న పిమ్మట, 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. తుమకూరు కర్మాగారపు స్థలం అనంతరం ఇస్రోకు దక్కింది.

ఇందులోని విషాదం ఏమనగా, మూసివేత వార్త వెలువడగానే హెచ్.ఎం.టి. గడియారాల కోసం అభిమానులు ఎగబడ్డారు. పాత నమూనాలను నేటికీ వెదకి కొనేవారున్నారు. అనగా పేరులో బలం చివరివరకూ ఉన్నది. ఆ బలాన్ని కాలానికి తగిన వస్తువుగా మలచే సారథ్యం సమయానికి లభించలేదు.

హోసూరు పాఠం: టైటాన్

టాటా సంస్థలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో టైటాన్‌ను స్థాపించాయి. టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు అన్న ఆంగ్ల పేర్ల తొలి అక్షరాల కలయికే ఆ పేరు. కర్మాగారానికి ఎంచుకొన్న ప్రదేశం హోసూరు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే సరిహద్దు పట్టణమది.

తొలి మేనేజింగ్ డైరెక్టరు జెర్‌క్సెస్ దేశాయ్ ఆ రోజులలో సాహసమనిపించే నిర్ణయాలు తీసుకొన్నారు. మొదటిది, క్వార్ట్జ్ గడియారాలనే ప్రధానంగా చేయడం. ఆనాటి భారతీయునికి బ్యాటరీ గడియారం అలవాటు లేదు. బ్యాటరీ అయిపోతే పల్లెలో ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఉండేది. రెండవది, గడియారాన్ని సమయం చూపే పనిముట్టుగా గాక, చేతికి అలంకారంగా భావించడం. కనుక ఒకటి రెండు నమూనాలతో సరిపెట్టక, అనేక రూపాలను ఒకేసారి తెచ్చారు; పత్రికలలో గడియారాల బొమ్మలను, ధరలను వరుసగా ముద్రించి ప్రకటనలిచ్చారు. మూడవది, అమ్మే చోటు. బెంగళూరులోని సఫీనా ప్లాజాలో కేవలం టైటాన్ గడియారాలకే ప్రత్యేకమైన దుకాణం తెరిచారు. చిన్న గాజుపెట్టెలో ఉన్నదానిని దుకాణదారుడు తీసి ఇచ్చే పద్ధతికి బదులు, కొనేవారు నడచి చూచి ఎంచుకొనే పద్ధతి వచ్చింది.

కార్మికుల ఎంపికలోనూ తెగువ కనిపిస్తుంది. అనుభవజ్ఞులను ఇతర సంస్థలనుండి లాగుకొనుటకు బదులు, హోసూరు పరిసర జిల్లాల పల్లెలలో చదువు ముగించిన యువతీయువకులను తీసుకొని, సూక్ష్మమైన చేతిపనిలో శిక్షణ ఇచ్చారు. ఆ పల్లె బిడ్డల వ్రేళ్ల నేర్పే 2002లో ఎడ్జ్ అనే గడియారానికి రూపమిచ్చింది. దాని మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇదే సంస్థ నగల వ్యాపారంలో తొలుత దెబ్బతిన్నది. తనిష్క్ పేరుతో 1996లో తొలి దుకాణం తెరచి, 18 క్యారెట్ల ఐరోపా తరహా నగలను అమ్మజూపగా జనం ఆదరించలేదు. భారతీయ గృహిణికి బంగారం అలంకారమే గాక ఆపద్ధనం కూడా. అందువలన 22 క్యారెట్లకే ఆమె మొగ్గు. సంస్థ పట్టుదలకు పోక 22 క్యారెట్ల నగలకు మారింది. అంతేగాక, నగను పాడుచేయకుండా బంగారం స్వచ్ఛతను నిమిషాలలో చూపే క్యారట్‌మీటరు యంత్రాన్ని దుకాణాలలో ఉంచింది. తమ పాత నగలలో చెప్పినంత బంగారం లేదని అనేక కుటుంబాలకు ఆ యంత్రం ద్వారా తెలిసివచ్చింది. మార్పునకు వెనుకాడని గుణం కూడా సారథ్యంలో భాగమేనని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

కరకంబాడి పాఠం: అమరాన్

బ్యాటరీ అనేది మోజు పుట్టించే వస్తువు కాదు. బండి కదలనపుడు తప్ప దానిని ఎవరూ తలవరు. అటువంటి వస్తువుకు సైతం ఆకర్షణ కల్పించినది చిత్తూరు జిల్లాకు చెందిన గల్లా రామచంద్ర నాయుడు కుటుంబం. అమెరికాలో ఇంజినీరుగా పనిచేసిన ఆయన స్వదేశానికి తిరిగివచ్చి, 1985లో తిరుపతి సమీపంలోని కరకంబాడి వద్ద అమరరాజా బ్యాటరీస్‌ను నెలకొల్పారు. నగరాలకు దూరంగా, గ్రామీణ ప్రాంతంలో పరిశ్రమ పెట్టడమే ఆనాటికి సాహసం.

తొలుత టెలిఫోన్, రైల్వే వంటి శాఖలకు కావలసిన పారిశ్రామిక బ్యాటరీలతో నిలదొక్కుకొన్న సంస్థ, అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ భాగస్వామ్యంతో వాహన బ్యాటరీల రంగంలోకి దిగి, 2000లో అమరాన్ బ్రాండును ఆరంభించింది. ఆ రంగంలో ఎక్సైడ్ అప్పటికే వేళ్లూనుకొని ఉన్నది. మెకానిక్కు ఏది చెబితే అదే కొనడం వాహన యజమానుల వాడుక. బ్యాటరీలు నల్లపెట్టెలు; మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి.

గల్లా జయదేవ్ ఆధ్వర్యంలో అమరాన్ ఈ వాడుకలను ఒక్కొక్కటిగా మార్చింది. నీళ్లు పోయనవసరం లేని బ్యాటరీని తెచ్చింది. దీర్ఘకాలపు వారంటీ ఇచ్చింది. దూరం నుండే గుర్తుపట్టగల ఆకుపచ్చ రంగును వాడింది. ట్రాక్టర్ల కొరకు హార్వెస్ట్ పేరుతో వేరు రకాన్ని రూపొందించింది. మునుపు మెకానిక్కు మాటపై ఆధారపడిన రైతు, తానే రంగును బట్టి, పేరును బట్టి అడగడం మొదలుపెట్టాడు. జాన్సన్ కంట్రోల్స్‌తో భాగస్వామ్యం 2019లో ముగిసినప్పటికీ బ్రాండు చెక్కుచెదరలేదు. సంస్థ 2023లో అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా పేరు మార్చుకొని, తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద లిథియం బ్యాటరీల కర్మాగారం చేపట్టింది.

పెనుకొండ పాఠం: కియా

ఆసియా నుండి ఎదుగుట అన్నది కియా అనే మాటకు అర్థం. ఈ కొరియా సంస్థ 1944లో సైకిలు విడిభాగాలు, ఉక్కు గొట్టాలు చేసే చిన్న కర్మాగారంగా పుట్టింది. క్రమంగా మోటారు వాహనాలకు ఎదిగినా, 1997 ఆసియా ఆర్థిక సంక్షోభకాలంలో దివాలా తీసింది. మరుసటి ఏడు హ్యుందయ్ దానిని చేజిక్కించుకొన్నది. ఆ కాలంలో కొరియా కార్లంటే పాశ్చాత్య దేశాలలో చులకన భావముండేది. హ్యుందయ్ అధినేత చుంగ్ మోంగ్ కూ నాణ్యతపై పట్టుబట్టారు. అమెరికాలో ఇంజను, గేరుపెట్టెలకు 10 సంవత్సరాలు లేదా లక్ష మైళ్ల వారంటీని 1998లో హ్యుందయ్ ప్రకటించింది. కారు చెడితే సంస్థ మునిగిపోవలసినదే. అంతటి పందెం కాసిన తరువాత కర్మాగారంలో నాణ్యత పెరగక తప్పలేదు.

కియా విషయంలో రెండవ పందెం కాసినవారు ఆయన కుమారుడు చుంగ్ ఈ సన్. కియా కార్లు చవకవే గాని, వాటికి ముఖకవళిక లేదని గ్రహించి, 2006లో ఆడి సంస్థలో పేరు గడించిన జర్మనీ రూపశిల్పి పీటర్ ష్రయర్‌ను ఆహ్వానించారు. ఎంత దూరంనుండి చూచినా ఇది కియా అని తెలియాలన్నది ష్రయర్ ఆశయం. పులి ముక్కును తలపించే ముందుభాగపు జాలీ 2007లో తొలిసారి ప్రదర్శితమై, అటుపిమ్మట ప్రతి కియా కారుకూ గుర్తయింది. ఒక రూపశిల్పిని 2012 చివరలో సంస్థ అధ్యక్షులలో ఒకరిగా నియమించడం కొరియా వాణిజ్య ప్రపంచంలో అపూర్వం.

ఆ సంస్థ భారతదేశానికి రావాలనుకొన్నపుడు పలు రాష్ట్రాలు పోటీపడ్డాయి. 2017 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం 536 ఎకరాలు, సామర్థ్యం ఏటా 3 లక్షల కార్లు. అనంతపురం జిల్లా దేశంలోకెల్ల తక్కువ వర్షపాతం గల జిల్లాలలో ఒకటి. కార్ల కర్మాగారానికి నీరు ముఖ్యం. హంద్రీనీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం ఆ కొరత తీర్చింది. బెంగళూరు, హైదరాబాదు జాతీయ రహదారి పక్కనే ఉండటం, చెన్నై ప్రాంతపు విడిభాగాల పరిశ్రమలు, ఓడరేవులు అందుబాటులో ఉండటం ఇతర అనుకూలతలు. 2019 జనవరి 29న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. 2019 డిసెంబరు 5న ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నాడు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.

భారత మార్కెట్టులో కొత్తవారు సాధారణంగా చవకైన చిన్న కారుతో అడుగుపెడతారు. 1998లో హ్యుందయ్ శాంత్రోతో చేసినదదే. కియా ఇందుకు భిన్నంగా, 9.69 లక్షల రూపాయల ప్రారంభ ధరతో సెల్టోస్‌ను 2019 ఆగస్టు 22న విడుదల చేసింది. వాహన పరిశ్రమ మాంద్యంలో కూరుకొనిపోయి, పాత కంపెనీలు ఉత్పత్తి తగ్గించుకొంటున్న సంవత్సరమది. అయినప్పటికీ బుకింగులు తెరిచిన మొదటి రోజే 6,046 మంది సొమ్ము కట్టారు. 2020 సెప్టెంబరులో సోనెట్, 2022 ఫిబ్రవరిలో కారెన్స్ వచ్చాయి. 2023 జులైలో పెనుకొండ కర్మాగారం నుండి పది లక్షలవ కారు వెలువడింది.

ఈ విజయంలో రూపానికి గల పాత్రను తెలిసికొనుటకు సెల్టోస్‌ను, 2020లో వచ్చిన హ్యుందయ్ క్రెటాను పోల్చవచ్చును. రెండూ ఒకే కుటుంబపు సంస్థలవి. పునాది చట్రం ఉమ్మడి. ఇంజన్లలోనూ సామ్యం మిక్కిలి. తేడా ముఖ్యంగా ముఖంలో, సౌకర్యాల అమరికలో, పేరులో ఉన్నది. అయినను రెండింటికీ వేరువేరు అభిమానులు ఏర్పడ్డారు. ఇనుము ఒకటే అయినా మోజు వేరు కావచ్చునని ఇది తెలుపుతుంది.

తెగువ మాత్రమే చాలదు: నానో

సారథికి ధైర్యముంటే చాలుననుకొనుట పొరపాటు. ద్విచక్ర వాహనంపై తడుస్తూ పోయే కుటుంబానికి కారు అందించాలని రతన్ టాటా సంకల్పించి, 2008 జనవరిలో నానోను లోకానికి చూపారు. మరుసటి ఏడు లక్ష రూపాయల కారుగా అది మార్కెట్టుకు వచ్చింది. ఆశయం ఉదాత్తం, ఇంజినీరింగు ప్రశంసనీయం. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూవివాదం చెలరేగగా, కర్మాగారాన్ని గుజరాత్‌లోని సాణంద్‌కు తరలించే సాహసమూ చేశారు. అయినా జనం ఆశించినంతగా కొనలేదు. 2018లో ఉత్పత్తి నిలిచింది.

ప్రపంచంలోకెల్ల చవకైన కారన్న ముద్ర నానోకు పడిపోయింది. ఆ ముద్రే నష్టం చేసిందని రతన్ టాటా స్వయంగా తరువాతి కాలంలో అంగీకరించారు. మన సమాజంలో కారు కొనడమంటే ఊరికి ఒక మాట చెప్పడం. తొలి కారు కొనే మధ్యతరగతి కుటుంబం తన ఎదుగుదలను చూపదలచుకొంటుంది. పేదరికానికి గుర్తును ఇంటిముందు నిలపదలచుకోదు. అవసరాన్ని లెక్కించిన సంస్థ ఆత్మగౌరవాన్ని లెక్కించలేకపోయింది. కియా లక్షలు ఎక్కువ అడిగి గెలిచిన చోట, నానో లక్షకే ఇస్తానని ఓడిన కారణమిదే.

మోజుకు హద్దులు

మోజు పుట్టించే వస్తువు అన్ని విధాలా మేలైనదని అర్థం కాదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2020లో నిర్వహించిన ఢీకొనే పరీక్షలో సెల్టోస్‌కు 5కు గాను 3 నక్షత్రాలే లభించాయి. మెరిసే తెర, పులి ముక్కు చూచి కొనేవారు ఈ నక్షత్రాలనూ చూడవలసి ఉంటుంది. 2023 అక్టోబరు నుండి భారత ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఇటువంటి పరీక్షలను ప్రారంభించింది.

పరిశ్రమ పక్కన నివసించేవారికి వేరొక ఆందోళన ఉంటుంది. బ్యాటరీలలో సీసం వాడుతారు; సీసం దేహానికి హానికరం. 2021 ఏప్రిల్‌లో అమరరాజా కర్మాగారాల మూసివేతకు ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వులు ఇవ్వగా, హైకోర్టు వాటి అమలును నిలిపివేసింది. తప్పొప్పులు ఎవరివైనా, బ్రాండు ఎంత పెద్దదో దాని నీటిపై, గాలిపై నిఘా అంత అవసరమన్నది ఇందలి సారాంశం.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసినవి

వల్లూరు వంటి గ్రామాలకు పెనుకొండ రహదారి దగ్గర, భాష ఒకటే, బంధుత్వాలు అటూ ఇటూ ఉన్నాయి. అయితే ఉద్యోగం విషయంలో రాష్ట్రపు గీత అడ్డు రావచ్చును. పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 జులైలో చట్టం చేసింది. ఆ చట్టం హైకోర్టులో సవాలుకు గురైంది. హర్యానా చేసిన ఇటువంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. కర్ణాటక ప్రభుత్వం 2024 జులైలో ఇటువంటి బిల్లును ప్రతిపాదించి, విమర్శలు రాగా నిలిపివేసింది. కర్ణాటక చిరునామా గల తెలుగు అభ్యర్థి ఆవల ప్రభుత్వం దృష్టిలో స్థానికుడు కాడు. దరఖాస్తు చేసేటపుడు స్థానికత నిబంధనను ముందుగా చదువుకొనుట ఉత్తమం.

శిక్షణ సంగతి రెండవది. కార్ల కర్మాగారంలో వెల్డింగు, రంగులు వేయడం వంటి పనులలో అధికభాగం యంత్రపు చేతులే నిర్వహిస్తాయి. ఆ యంత్రాలను నడపగల, మరమ్మతు చేయగల ఐ.టి.ఐ., డిప్లొమా విద్యార్థులకే గిరాకీ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మెకట్రానిక్స్ వంటి విద్యలు కార్ల పరిశ్రమకు మాత్రమే గాక సౌర విద్యుత్ కేంద్రాలకు కూడా పనికివస్తాయి. కియా తన తొలి భారతీయ విద్యుత్ కారు కారెన్స్ క్లావిస్ ఈవీని 2025 జులైలో విడుదల చేసిన నేపథ్యంలో, మోటారు విద్య, విద్యుత్ విద్య ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి.

ఒక సంస్థలో బిడ్డను చేర్చే ముందు కుటుంబం వేసికొనదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ సంస్థ చేసే వస్తువును జనం పేరు పెట్టి అడుగుతున్నారా, లేక ధర తగ్గించినపుడే కొంటున్నారా? గడచిన అయిదేళ్లలో అది కొత్త వస్తువును తెచ్చిందా? తప్పు జరిగినపుడు దిద్దుకొన్నదా? కార్మికునికి పని నేర్పుతున్నదా, లేక కాంట్రాక్టు మనుషులతో రోజులు వెళ్లబుచ్చుతున్నదా? 1978లో తుమకూరు కర్మాగారంలో చేరినవానికి అది జీవితకాలపు భరోసాగా తోచి ఉంటుంది. ప్రభుత్వపు అండ, పెద్ద స్థలం, మంచి యంత్రాలు అన్నీ ఉన్నాయి. అదే కాలపు సరుకును అదే తీరున చేస్తూ పోవడం వలన ఆ భరోసా కరిగిపోయింది.

సౌర పార్కు కౌలు 28 సంవత్సరాల ఒప్పందం. నేడు బడిలో ఉన్న పిల్లలు నడివయసుకు చేరునాటికి అది ముగుస్తుంది. ఆ లోపల వచ్చే కౌలు సొమ్ములో కొంత భాగం చదువుకు, చేతిపనికి, వీలైతే స్వంత పేరుతో సరుకు అమ్మే చిన్న ప్రయత్నానికి మళ్లించిన కుటుంబానికి, ఒప్పందం ముగిసిన తరువాత కూడా చేతిలో ఆధారం మిగులుతుంది. గానుగ నూనె అయినా, చింతపండు అయినా, పేరు పెట్టి అమ్మదలచినవారు ముందుగా ఆ పేరుకు తగిన నాణ్యతను ప్రతి డబ్బాలోనూ నిలపవలసి ఉంటుంది. పెద్ద బ్రాండ్లన్నీ ఒకనాడు చిన్నవే. సైకిలు గొట్టాలు చేసిన కొట్టమే కియా. పల్లె పొలిమేరలో పెట్టిన చిన్న పరిశ్రమే అమరరాజా.